ఇంట్లో సర్క్యూట్ ఆపి పని చేయడం ఎలా? ఆగిందని తేల్చుకోవడం ఎలా?

"స్విచ్ ఆపేశాను కదండీ, అయినా షాక్ ఎందుకు కొట్టింది?"

మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎదురైన వాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పాతికేళ్లు పనిచేశానని తెలిసిన దగ్గర్నుంచి, గీజర్ ప్లగ్ కాలినా ఫ్యాన్ రెగ్యులేటర్ పోయినా ఫోన్ నాకే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ఫ్యాక్టరీలో మోటారు విప్పాలంటే ముందు షట్‌డౌన్ తీసుకుంటాం. స్విచ్‌కు తాళం వేస్తాం, తాళానికి పేరు రాసిన ట్యాగ్ కడతాం, ఆ తర్వాత టెస్ట్ చేస్తాం. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకోవాలి. ఇంటికొచ్చేసరికి ఇవేమీ గుర్తుకు రావు, స్టూలేసుకుని ఎక్కేస్తాం. ఇంట్లో ఉండేది 230 వోల్టులే కదా అనుకోకండి. మనుషుల్ని కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్‌ను, 30 మిల్లీఆంపియర్లు లీకైనా తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేసేలా తయారు చేస్తారు. చిన్న బెడ్‌లైటు వాడుకునే కరెంటు కూడా అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

ఇక్కడ చెప్పేదంతా స్విచ్, సాకెట్, హోల్డర్, సీలింగ్ రోజ్, రెగ్యులేటర్ లాంటివి మార్చేంత వరకే. డీబీ (ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) లోపల వైరు మార్చడం, కొత్త లైను లాగడం లైసెన్సున్న వైర్‌మన్ పని. మీటరు, దాని ముందున్న వైరు, సీలు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లవి. అక్కడ ఏ తేడా కనిపించినా 1912కి ఫోన్ చేయండి, ముట్టుకోవద్దు.

కావలసినవి

- మల్టీమీటర్. రెండు ప్రోబులూ చిట్లకుండా ఉండాలి, మీటరు మీద క్యాట్ 3 (CAT III) అనే భద్రతా గుర్తు ఉండాలి.
- నియాన్ టెస్టర్. ఇది తోడుకు మాత్రమే, తీర్పు దీనితో చెప్పకూడదు.
- పిడికి పూర్తిగా ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్.
- ఇన్సులేషన్ టేపు, స్కెచ్ పెన్, అట్టముక్క.
- తలకు పెట్టుకునే లైటు. మెయిన్ ఆపాక ఇల్లు చీకటవుతుంది. సెల్‌ఫోన్ నోట్లో కరుచుకుని పని చేసేవాళ్లను చూశాను.
- రబ్బరు చెప్పులు, పొడి చేతులు. వైజాగ్ ఉక్కపోతలో రెండోది కష్టమే, పక్కన తువ్వాలు పెట్టుకోండి.
- ఇంట్లో ఇంకొక మనిషి. మెయిన్ ఎక్కడుందో వాళ్లకు చూపించి ఉంచండి. మీకు షాక్ కొడితే వాళ్లు మిమ్మల్ని పట్టుకుని లాగకూడదు. ముందు మెయిన్ దించాలి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయాలి.

1. ఆ పాయింటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి

డీబీలో ఎంసీబీల (ఒక్కో లైనుకు ఉండే చిన్న బ్రేకర్ల) కింద బిల్డర్ అంటించిన చీటీలు నమ్మకండి. మా ఫ్లాట్‌లో ‘కిచెన్’ అని రాసిన ఎంసీబీ బాల్కనీది. మీరు పని చేయబోయే సాకెట్‌లో టేబుల్ ల్యాంప్ పెట్టి వెలిగించండి. ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ వెళ్తే ఒకచోట అది ఆరిపోతుంది.

ఏది దించినా ఆరకపోతే ఆ పాయింటు ఇన్వర్టర్ లైను మీద ఉందన్నమాట. ఎంసీబీ దించగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారి కరెంటు ఇస్తూనే ఉంటుంది. దించిన క్షణంలో ల్యాంప్ ఒక్కసారి మినుక్కుమన్నా అనుమానించాల్సింది దాన్నే.

2. ముందు లోడ్లు, తర్వాత ఎంసీబీ

ఏసీ, గీజర్, మోటారు నడుస్తుండగా ఎంసీబీ దించకండి. ముందు వాటి స్విచ్‌లు ఆపండి. నిండు లోడు మీద దించితే లోపలి కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ పెద్దదవుతుంది, బ్రేకర్ ఆయుష్షు తగ్గుతుంది. తర్వాత మీ సర్క్యూట్ ఎంసీబీ ఒక్కటే దించండి. మెయిన్ ఇప్పుడే వద్దు. ఎందుకో నాలుగో అంచెలో తెలుస్తుంది.

ట్రిప్ అయిన ఎంసీబీల్లో కొన్నింటి లీవర్ మధ్యలో ఆగి ఉంటుంది. దాన్ని పూర్తిగా కిందికి నొక్కాకే ఆఫ్ అయినట్టు లెక్క.

కంచరపాలెం, వన్‌టౌన్ వైపు పాత ఇళ్లలో ఇంకా పింగాణీ ఫ్యూజులున్నాయి. అక్కడ ఇంకా మేలు, ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. అది మీ జేబులో ఉన్నంతసేపూ ఎవరూ కరెంటు వేయలేరు. ఇనపపెట్టెలాంటి పాత మెయిన్ స్విచ్ ఉంటే మాత్రం జాగ్రత్త. హ్యాండిల్ దిగినా లోపల ఒక బ్లేడు దిగకుండా ఉండిపోవచ్చు, బయటి నుంచి చూస్తే తెలియదు.

3. మళ్లీ ఎవరూ వేయకుండా చూడండి

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మీరు బాత్రూంలో గీజర్ సాకెట్ విప్పుతుంటారు. అటు హాల్లో నాన్నగారు సీరియల్ ఆగిపోయిందని వచ్చి, "ఇదెవరు దించారే" అంటూ లీవర్ పైకి ఎత్తేస్తారు.

ఎంసీబీకి వేసే చిన్న లాక్ క్లిప్పులు ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. అది లేకపోతే దించిన లీవర్ మీద టేపు అడ్డంగా రెండు చుట్లు వేసి, "పని జరుగుతోంది, వేయొద్దు" అని అట్టముక్క మీద రాసి తగిలించండి. చదవడం రాని పిల్లలుంటే డీబీ తలుపు కూడా మూసి టేపు వేయండి. టేపు తాళం కాదు. అందుకే ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి, పనిమనిషితో సహా.

మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఒక ఫేజు పోతే ఇంకోదానికి తిప్పుకునే సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. ఫ్యాన్ ఆగిందనగానే మన చేయి అలవాటుగా దాని మీదికే పోతుంది. దానికీ ఒక చీటీ అంటించండి.

4. ఆగిందో లేదో మీటరుతో తేల్చుకోండి

దీన్ని వదిలేస్తే పైన చేసిందంతా దండగ.

మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో 600 లేదా 750 దగ్గర పెట్టండి. నల్ల ప్రోబు కామన్ అన్నచోట, ఎర్ర ప్రోబు వోల్టులు అన్నచోట ఉండాలి. ఇంతకుముందెప్పుడో ఆంపియర్లు కొలిచి ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి ఉంటే, సాకెట్‌లో పెట్టగానే మీ చేతిలోనే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ఇప్పుడు ఈ వరుసలో చేయండి:

మొదట, కరెంటు ఉన్నదని తెలిసిన వేరే సాకెట్‌లో కొలవండి. 230కి అటూ ఇటూగా చూపించాలి. అంటే మీటరు పని చేస్తోంది.

రెండోది, మీరు పని చేసే సాకెట్‌లో కొలవండి. సాకెట్ స్విచ్ ఆన్‌లో పెట్టి మరీ కొలవాలి. చాలామంది స్విచ్ ఆపేసి కొలిచి, సున్నా వచ్చిందని సంబరపడతారు. అప్పుడు మీరు పరీక్షించింది ఆ చిన్న స్విచ్‌ను, ఎంసీబీని కాదు. ఫేజు అంటే కరెంటు తెచ్చే వైరు, న్యూట్రల్ అంటే దాన్ని తిరిగి తీసుకెళ్లే వైరు, ఎర్తు అంటే నేలకు కలిపిన వైరు. మూడుసార్లు కొలవండి: ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. ఉండాలి అన్నాను, ఉంటుందని అనలేదు. మన ఇళ్లలో సగం చోట్ల తారుమారుగానే ఉంటుంది. మూడు కొలతలూ అడిగేది అందుకే.

మూడోది, మళ్లీ ఆ మొదటి సాకెట్‌కే వెళ్లి కొలవండి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా, ప్రోబు వైరు లోపల తెగినా సున్నానే చూపిస్తుంది. మొదటా చివరా 230 చూపిస్తేనే మధ్యలో వచ్చిన సున్నాను నమ్మొచ్చు.

ఇందుకే మెయిన్‌ను అప్పుడే దించొద్దన్నాను. అది దించేస్తే మీటరును సరిచూసుకోవడానికి ఇంట్లో కరెంటున్న సాకెట్ ఒక్కటీ మిగలదు.

*నియాన్ టెస్టర్ ఎందుకు చాలదంటే:* అది వెలగాలంటే మీ ఒంట్లోంచి ఇసుమంత కరెంటు నేలకు దిగాలి. ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, రబ్బరు చెప్పులేసుకుంటే అది సరిగ్గా వెలగకపోవచ్చు. మధ్యాహ్నం ఎండ పడే బాల్కనీలో వెలిగినా కనపడదు. పైగా న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఎర్ర వైరు మీదా వెలుగుతుంది, నల్ల వైరు మీదా వెలుగుతుంది. వెలిగితే కరెంటు ఉందనుకుని ఆగిపోండి. వెలగకపోతే లేదని మాత్రం అనుకోకండి.

*సున్నా రాకుండా 40, 60 లాంటి అంకె వస్తే:* పక్కన కరెంటున్న వైరు అదే పైపులో ఉంటే డిజిటల్ మీటరు ఇలాంటి దొంగ వోల్టేజీ చూపిస్తుంది. అది దొంగదా నిజమైనదా అన్నది ఊహించి తేల్చేది కాదు. సాకెట్ అయితే టేబుల్ ల్యాంప్ తగిలించి, అది ఉండగానే అదే లైను మీదున్న పక్క సాకెట్‌లో కొలవండి. దొంగ వోల్టేజీ అయితే లోడు పడగానే దాదాపు సున్నాకు దిగిపోతుంది. దిగకపోతే వైర్‌మన్‌ను పిలవండి.

5. ఇప్పుడు ఇన్వర్టర్, ఆ తర్వాత మెయిన్

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ మారుస్తున్నాను. ఎంసీబీ దించాను, పైన చెప్పినట్టే మూడు కొలతలూ తీశాను, అన్నీ సున్నా. బోర్డు విప్పి, నల్ల వైర్ల ముడి టేపు ఊడదీసి విడదీశాను. విడదీసిన క్షణంలో కుడిచేయి మోచేతి దాకా జిల్లుమంది, స్క్రూడ్రైవర్ వెళ్లి స్టవ్ మీద పడింది. పాతికేళ్ల అనుభవం అక్కడ ఎందుకూ పనికి రాలేదు.

జరిగింది ఇది. వైరింగ్ చేసినవాళ్లు వైరు మిగుల్చుకోవడానికి హాల్లో లైటు న్యూట్రల్‌ను కూడా ఆ ముడిలోనే కలిపేశారు. హాల్లో లైటు వెలుగుతోంది, అది ఇన్వర్టర్ లైను. ముడి కలిసి ఉన్నంతసేపూ నల్ల వైరు మీద ఏమీ కనిపించదు. విడదీయగానే లైటు గుండా వచ్చిన ఫేజు, వెళ్లడానికి దారి లేక ఆ నల్ల వైరు కొసలో నిలబడిపోయింది. మధ్యలో నా చేయి తగిలింది. ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్‌ను ఆపదు.

కాబట్టి న్యూట్రల్ ముడి విప్పే పని ఏదైనా సరే, ఇల్లంతా ఆపండి. వరుస ఇది:

ముందు ఇన్వర్టర్ ముందువైపు బటన్ ఆపండి. కొన్నింటిని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టాలి. బటన్ ఆపినా మామూలు కరెంటు దాని గుండా ఇంటికి పోతూనే ఉంటుంది, కంగారు పడకండి. తర్వాత మెయిన్ దించండి. చాలా ఇళ్లలో అది ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కోస్తుంది. ఇప్పుడు ఇల్లంతా చీకటవ్వాలి. ఎక్కడైనా ఒక్క లైటు వెలుగుతున్నా ఇన్వర్టర్ ఇంకా నడుస్తున్నట్టే. ఆ తర్వాత ఇన్వర్టర్ ప్లగ్ కూడా గోడ నుంచి పీకేయండి. మెయిన్‌కూ టేపు, చీటీ. పని చేసే చోట మళ్లీ ఒకసారి కొలవండి.

జనరేటర్ బ్యాకప్ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇంకొకటి చూసుకోవాలి. ఫ్లాట్‌లోకి రెండు దారుల్లో కరెంటు వస్తుంది, మధ్యలో ఏసీసీఎల్ అనే పెట్టె ఉంటుంది. మామూలు కరెంటు పోగానే అదే జనరేటర్ లైనుకు మార్చేస్తుంది. మీరు దించిన మెయిన్ ఆ పెట్టెకు ముందు (కరెంటు వచ్చే వైపు) ఉందో వెనకుందో వాచ్‌మన్‌నో, మెయింటెనెన్స్ చూసే అబ్బాయినో అడగండి. ముందుంటే జనరేటర్ లైను బ్రేకర్ కూడా దించాలి.

డాబా మీద సోలార్ ఉంటే, మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ మెయిన్ పోగానే తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే రకమైతే ఆగదు, దాన్నీ ఆపాలి. పలకల నుంచి దిగే డీసీ వైర్లలో మాత్రం ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది, ఇంట్లో ఏ స్విచ్ దించినా సరే. వాటి జోలికి పోవద్దు.

6. బోర్డు విప్పాక మళ్లీ కొలవండి

ప్లేటు స్క్రూలు తీసి బోర్డును ముందుకు లాగండి. వైర్లను చేత్తో ముట్టకుండా, ప్రోబుతో ప్రతి టెర్మినల్‌నూ ఎర్తుతో పోల్చి కొలవండి. ఎర్తు వైరే లేని బోర్డయితే న్యూట్రల్‌తో కొలవండి.

ఒకే బోర్డులో రెండు లైన్లుండటం మన దగ్గర మామూలు. ఫ్యాన్, లైటు ఇన్వర్టర్ మీద ఉంటాయి. అదే బోర్డులో 16 ఆంపియర్ల సాకెట్ మామూలు కరెంటు మీద ఉంటుంది. సాకెట్ ఎంసీబీ దించి, సాకెట్ సున్నా అని చూసి బోర్డు లాగితే, పక్కనున్న లైటు స్విచ్ టెర్మినల్ వేలికి తగులుతుంది. మూడు ఫేజుల ఇంట్లో ఆ రెండు లైన్లూ రెండు ఫేజులవైతే వాటి మధ్య 400 వోల్టులు. మెట్ల దగ్గరి రెండువైపుల స్విచ్‌లో కూడా అంతే, లైటు ఆరినా రెండు వైర్లలో ఏదో ఒకదాంట్లో ఫేజు ఉంటుంది.

రంగులు సాక్ష్యం కావు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అన్నది రూలు. ఎర్ర వైరు కట్ట అయిపోతే నల్లది వేసి ముగించే పనితనం మనకు కొత్త కాదు.

బీచ్ రోడ్, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్లలో ఉప్పుగాలికి స్క్రూలు పట్టేసి, రాగి మీద పచ్చటి చిలుము కడుతుంది. బలవంతంగా తిప్పితే స్క్రూడ్రైవర్ జారి పక్క టెర్మినల్‌కు గుచ్చుకుంటుంది. అలాంటి బోర్డుకు ఇల్లంతా ఆపేయడమే మేలు. చిలుము పట్టిన వైరు కొస అంగుళం కోసేసి కొత్త కొస తీసి బిగించండి.

విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తిరిగి కలిపేటప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ఫ్యాన్, మోటారు, ఏసీలలో కెపాసిటర్ ఉంటుంది. కరెంటు ఆపినా అందులో కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుంది. ఏసీ బయటి యూనిట్, మైక్రోవేవ్ ఇంట్లో విప్పకండి. మైక్రోవేవ్‌లోదైతే వేల వోల్టులు.

పని మధ్యలో టీ తాగడానికి వెళ్లొచ్చారా? మళ్లీ కొలవండి. మీరు లేనప్పుడు ఎవరేం చేశారో మీకు తెలియదు.

7. కరెంటు తిరిగి ఇవ్వడం

ప్రతి వైరునూ బిగించాక మెల్లగా లాగి చూడండి, ఊడి రాకూడదు. టెర్మినల్ బయట రాగి కనపడకూడదు. ప్లేటు పూర్తిగా బిగించాకే కరెంటు. "ఓసారి వేసి చూసి బిగిద్దాం" అనుకోవద్దు.

అన్ని లోడ్లూ ఆఫ్‌లో ఉంచి ముందు మెయిన్, తర్వాత ఆర్‌సీసీబీ, తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే, చివర ఇన్వర్టర్. ఎత్తగానే ఎంసీబీ పడిపోతే రెండోసారి ఎత్తకండి. కలిపిన చోట తప్పుంది, మళ్లీ మొదటి అంచె నుంచి రండి. ఎంసీబీ నిలబడి ఆర్‌సీసీబీ పడిపోతుంటే, చాలాసార్లు న్యూట్రల్ ఎర్తుకు తగిలి ఉంటుంది, లేదా ఒక సర్క్యూట్ న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌లో కలిసిపోయి ఉంటుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. సాకెట్‌లో కుడి రంధ్రానికీ ఎర్తుకూ మధ్య 230 రావాలి, ఎడమదానికీ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. లైటు పాయింటైతే బల్బు తీసి, స్విచ్ ఆపి, హోల్డర్‌లో రెండు పిన్నులనూ టెస్టర్‌తో చూడండి. వెలిగితే స్విచ్ న్యూట్రల్ మీద పడింది. లైటు ఆరుతుంది, వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. బల్బు మార్చేవాడికి మాత్రం షాక్. గీజర్ సాకెట్ మార్చి ఉంటే అరగంట నడిపి, ఆపి, ప్లగ్ తీసి పిన్నులు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, పట్టుకోలేనంత వేడుంటే ఎక్కడో వదులుగా ఉంది.

మళ్లీ మళ్లీ అడిగేవి మూడు

*ఆర్‌సీసీబీ ఉంది కదా, ఇంత తతంగం ఎందుకు?* అది ఎర్తుకు పోయే లీకేజీని మాత్రమే కనిపెడుతుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక బల్బే, వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తుంది. పైగా ఇన్వర్టర్ లైను చాలా ఇళ్లలో దాని కింద ఉండనే ఉండదు.

*కరెంటు పోయినప్పుడు చేసేస్తే?* వద్దు. పోయినది ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. మెయిన్ దించి చేస్తే ఆ దిగులుండదు.

*తుఫానప్పుడు చిన్న జనరేటర్‌ను సాకెట్‌కే పెట్టొచ్చా?* 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైన రోజుల్లో, రెండువైపులా ప్లగ్గులున్న వైరుతో ఇలా నడిపినవాళ్లను నా కళ్లతో చూశాను. మెయిన్ దించడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి పోతుంది. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరగేసి 11 వేల వోల్టుల వైపుకు ఎక్కిస్తుంది. తెగిన వైర్లు సరిచేస్తున్న లైన్‌మన్ చేతులు అప్పుడు ఆ లైను మీదే ఉంటాయి. ఆ వైరుకు ఇంకో చిక్కు, జనరేటర్ నడుస్తుండగా ఒకవైపు ప్లగ్ ఊడితే పిన్నులు బయటే ఉంటాయి, కరెంటుతో. జనరేటర్ కావాలంటే వైర్‌మన్‌తో చేంజోవర్ స్విచ్ (వీధి కరెంటునో జనరేటర్‌నో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) పెట్టించుకోండి, లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసి ఫ్రిజ్, రెండు లైట్లు నేరుగా దానికే తగిలించండి.

ఒక ఆదివారం పొద్దున గంట కేటాయించి, మొదటి అంచెలో చెప్పిన టేబుల్ ల్యాంప్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఏ ఎంసీబీ ఏ పాయింటుదో, ఇన్వర్టర్ మీద ఏవేవి ఉన్నాయో రాసి డీబీ తలుపు లోపల అంటించండి. అదే రోజు ఆర్‌సీసీబీ మీద ‘టి’ అన్న బటన్ ఒకసారి నొక్కండి. వెంటనే పడిపోవాలి. ఉప్పుగాలికి పట్టేసి పడకపోతే అది మార్చాల్సిందే, దాని కింద ఏ పనీ మొదలుపెట్టకండి.